నోరు చూసి గాలం కట్టాలి

చేపల బజారులో బొచ్చె, శీలావతి, మోసు మూడూ ఒకే బల్ల మీద కనిపిస్తే, ధర అడిగే ముందు వాటి నోళ్ళు చూడండి. బొచ్చెకి కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి, నోరు పైకి తెరుచుకుంటుంది. శీలావతి నోరు కాస్త కిందికి వంగి ఉంటుంది, పెదవుల అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. మోసు మూతి మొద్దు. నోరు వెడల్పుగా నేలవైపు తిరిగి ఉంటుంది. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పిన రోజుల్లో ఈ మూడు తలకాయల్నీ బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఏ చేప ఎక్కడ తింటుందో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, ఆ నోరే చెబుతుంది. బొచ్చె పైనీటిలో తేలాడే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటుంది. శీలావతి నడిమి నీటిలో రాళ్ళకీ పుల్లలకీ నీటిమొక్కల కాడలకీ పట్టిన పాచిని గీక్కుని తింటుంది. మోసు అడుగున ఒండ్రులో కుళ్ళిన ఆకూ అలమూ ఏరుకుంటుంది. మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచడం ఈ లెక్క మీదే నడుస్తోంది. ఒకదాని తిండికి ఒకటి పోటీ రాదు.

ఈ పాఠం గాలం వేసేవాళ్ళకి మరీ అవసరం. ఈమధ్య విజయనగరం చుట్టుపక్కల కుర్రాళ్ళు ఫోనులో ఇంగ్లండు వీడియోలు చూసి, పిండి దింపే ఫీడర్లూ, ముల్లుకి ఎర కట్టే రిగ్గులూ తెప్పించుకుంటున్నారు. నాకు సంతోషమే. అయితే రెండు ఆదివారాలు చేప పడకపోతే, ఇవి మన చెరువులకి పనికిరావని అటకెక్కించేస్తున్నారు. పనికిరాకపోవడం కాదు. ఆ సరంజామా అంతా ప్రధానంగా ఒక చేప నోటి కోసం తయారైంది. ఆ చేప బంగారు తీగ. ఇంగ్లీషువాళ్ళు కార్ప్ అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉండేది అదే. దానికి మూతి పక్కన రెండు జతల మీసాలుంటాయి, నోరు గొట్టంలా ముందుకి సాగుతుంది, అడుగు మట్టిని తవ్వి తింటుంది. ఇప్పుడు మన చెరువుల్లో పెరుగుతున్న బంగారు తీగ రకం 1957లో బ్యాంకాక్ నుంచి మన దేశానికొచ్చింది. అదే ఏడాది డాక్టర్ హీరాలాల్ చౌధురి ఒడిశాలో మన కార్ప్ చేపలకి పిట్యూటరీ గ్రంథి సారం సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. నేడు పల్లె చెరువుల్లో సైతం శీలావతి పిల్లలు వదలగలుగుతున్నామంటే దానికి మూలం ఆ పనే. అందుకే జూలై 10ని జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మా నాన్న తరంలో గాలమంటే వెదురు కర్ర, దారం, జీలుగు బెండు, ముల్లు, ఎర్ర. బెండు మునిగితే లాగడం. ఆ పద్ధతిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. గట్టు పక్కన పరిగెలకీ జెల్లలకీ దాన్ని మించింది లేదు. కాని మూడు కిలోల శీలావతి గట్టు దగ్గరికి ఊరికే రాదు. అది తిరిగే చోటికి ఎర చేరాలి, చేరాక అది అక్కడ ఆగాలి. ఆ ఆపే పని పిండిది.

ఇది కొత్త సంగతేమీ కాదు. చెరువుల్లో గాలం వెయ్యడం మీద మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ 1887లోనే ఒక పుస్తకం రాశాడు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కలకత్తా గాలగాళ్ళయితే గానుగ చెక్క, మెంతులు, సుగంధ ద్రవ్యాలు కలిపి ‘చార’ అని తయారుచేస్తారు. అది నీళ్ళల్లో చల్లి, చేపలు చేరాకే గాలం దింపుతారు. చీమగుడ్లని ముల్లుకి గుచ్చడం కూడా వాళ్ళ దగ్గర చూడాల్సిందే. మన దగ్గర తవుడు ముద్దలు విసరడం ఎప్పటినుంచో ఉంది. తేడా ఒక్కటే. చేత్తో విసిరిన ముద్ద ఒకచోట పడుతుంది, గాలం ఇంకోచోట పడుతుంది. చేప ముద్ద దగ్గర తిని పోతుంది. ఆ రెంటినీ ఒకే దారానికి కట్టి ఒకే చోట దింపే సాధనమే ఫీడరు.

ఫీడర్లు చాలా రకాలున్నాయి గాని, తెలుసుకోవలసినవి మూడు. ఒకటి తీగల బుట్ట. అందులో పిండి కూరి విసిరితే నీళ్ళల్లో కొద్దికొద్దిగా రాలుతుంది. రెండోది అడుగు చదునుగా, కింద సీసం బిళ్ళతో ఉండే ‘మెథడ్’ ఫీడరు. దాని పక్కల మీద పిండిని అదిమి ముద్ద కడతారు. గాలం ముల్లుని కూడా ఆ పిండిలోనే దాచేస్తారు. మూడోది స్ప్రింగు. మన రాష్ట్రంలో ఎక్కువగా వాడేది ఇదే. మోటారు వైండింగు షాపు నడిపే మా బావ, వేలి లావు ఇనుప కడ్డీ మీద జీఐ తీగని చుట్టి, చుట్టుకీ చుట్టుకీ మధ్య బియ్యపుగింజ పొడవు సందు వదిలి, నిమిషాల్లో ఒకటి చేసిచ్చేస్తాడు. రాగి తీగ వద్దంటాడు. ‘‘రాగి మెత్తన బావా, ఒక్కసారి రాయికి తగిలిందంటే సాగిపోద్ది. పిండి పట్టుకోదు’’ అని. నేను అతనిచేత స్ప్రింగు మధ్యలోంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం కూడా పెట్టించుకుంటాను. ఆ గొట్టం ఎందుకో చివర్లో చెబుతాను. ఈ వ్యాసం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే.

ఫీడరు ఏదైనా దాని పని విస్తరి వెయ్యడం. విస్తరిలో ఏం వడ్డించామన్నది చేతిలో పని. నా పాళ్ళు ఇవి: రెండు వంతుల తవుడు, ఒక వంతు పల్లీ చెక్క లేదా నువ్వుల చెక్క, ఒక గుప్పెడు చోడిపిండి, కాస్త బెల్లం నీళ్ళు. మా జిల్లాలో నువ్వులకీ చోళ్ళకీ కరువు లేదు. వాసనకి వేయించి దంచిన మెంతులు చాలు. చిటికెడు ఇంగువ వేసేవాళ్ళున్నారు, సోంపు వేసేవాళ్ళున్నారు. వాసనల గురించి గట్టు మీద జరిగే వాదాలకి అంతుండదు. నేను వాటిలో తలదూర్చను. చెక్కకి బూజు పట్టకుండా ఉండడం ఏ వాసన కంటే కూడా ముఖ్యం. బూజు చెక్కలో విషం పుడుతుంది. అది పశువుకెంత చెడ్డదో చేపకీ అంతే.

అసలు కిటుకు తడిలో ఉంది. నీళ్ళు ఒక్కసారి పోస్తే ముద్ద జిగురైపోయి, స్ప్రింగుకి అలాగే అతుక్కుని గంటైనా విడదు. తక్కువైతే విసరగానే గాలిలోనే రాలిపోతుంది. కొంచెం కొంచెం చిలకరిస్తూ కలిపి, పావుగంట ఊరనిచ్చి, జల్లెడలో పట్టి, మళ్ళీ చిలకరించాలి. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, బొటనవేలితో మీటితే పొడవ్వాలి. ఇంట్లో గాజు సీసాలో నీళ్ళు పోసి ఆ ముద్దని వెయ్యండి. అడుగుకి చెక్కుచెదరకుండా చేరాలి, ఐదు నుంచి పది నిమిషాల్లో పూర్తిగా విడిపోవాలి. మొదటి నిమిషంలో అంచుల నుంచి సన్నటి పొడి పైకి లేస్తూ కనిపిస్తుంది. నీళ్ళల్లో శీలావతిని కిందికి దింపేది ఆ మబ్బే.

ఇక్కడ కార్ప్ చేపల ఒంట్లో ఉన్న ఒక విశేషం చెప్పాలి. వాటికి జీర్ణాశయం లేదు. నోటి దవడల్లో పళ్ళూ లేవు. గొంతు లోపల మొప్పల వెనకాల పళ్ళుంటాయి, తిండిని అక్కడ నలిపి నేరుగా పేగులోకి పంపిస్తాయి. కడుపులో దాచుకునే చోటు లేదు కాబట్టి, ఒకేసారి బోలెడు మింగడం వాటి పద్ధతి కాదు. రోజంతా కొద్దికొద్దిగా ఏరుకు తింటూనే ఉంటాయి. అందుకే పిండి తక్కువ తక్కువగా, మాటిమాటికీ, ఒకే చోట పడాలి. బకెట్టు పిండి ఒకేసారి కుమ్మరిస్తే మిగిలింది అడుగున కుళ్ళి నీటిని చెడగొడుతుంది. ఒకే చోట పడడానికి, అవతలి గట్టు మీద తాడిచెట్టో కరెంటు స్తంభమో గురి పెట్టుకోండి. మొదటిసారి ఫీడరు పడిన దూరం దగ్గర రీలులో దారాన్ని క్లిప్పుకి బిగిస్తే, తర్వాతవన్నీ అక్కడే ఆగుతాయి.

తిండి పెట్టే సంగతి ఇంతే. పట్టే సంగతి ‘హెయిర్ రిగ్’. 1970ల చివర్లో ఇంగ్లండులో లెనీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు నీళ్ళ తొట్టిలో కార్ప్‌లు ఎర ఎలా తింటాయో చూస్తూ కూర్చున్నారు. చేప దేన్నయినా ముందు లోపలికి పీల్చుకుంటుంది, నోట్లో పరీక్షిస్తుంది, గట్టిగా ఉన్నదేదో తగిలితే ఊదేస్తుంది. ముల్లుకి గుచ్చిన ఎరని క్షణంలో ఊదేస్తోంది. అప్పుడు వాళ్ళకి తట్టిన ఉపాయం, ఎరని ముల్లుకి గుచ్చకుండా ముల్లు పక్కన ఒక వెంట్రుకకి వేలాడదియ్యడం. మొదట్లో నిజంగా తలవెంట్రుకే వాడారు. ఎర వదులుగా ఉంటుంది కనక చేప అనుమానపడకుండా పీలుస్తుంది. వెనకాలే ఖాళీ ముల్లు వెళుతుంది. ఊదేటప్పుడు ఎర బయటికొచ్చి ముల్లు తిరగబడి కింది పెదవికి గుచ్చుకుంటుంది. 1980ల మొదట్లో ఈ సంగతి బయటపడ్డాక కార్ప్ గాలం తీరే మారిపోయింది.

ఒకసారి ఒక లీజు చెరువు దగ్గర మత్స్యకార సంఘం పెద్దాయన ఇది నా చేతిలో చూసి ఆగిపోయాడు. ‘‘ఏటండి మాస్టారూ, ముల్లు ఒట్టిగా ఒగ్గీసి గింజని తోకకి కట్టేరేటి?’’ అన్నాడు. ‘‘ఇలా రా బాబాయ్, చెయ్యి చాపు’’ అని ఆయన అరచేతిలో ముల్లుని అడ్డంగా పడుకోబెట్టి, దారాన్ని నెమ్మదిగా లాగాను. ముల్లు దానంతటదే గిర్రున తిరిగి, మొన కిందికొచ్చి చర్మానికి తగిలింది. ‘‘అమ్మో!’’ అని చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపి, ఇంకోసారి లాగమన్నాడు. మీరు కట్టిన ప్రతి రిగ్గునీ ఇలాగే మీ అరచేతిలో పరీక్షించుకోవాలి. తిరగకపోతే వెంట్రుక పొడవు సరిగ్గా లేదని అర్థం.

కట్టడం పెద్ద విద్య కాదు. అల్లిక దారం జానెడున్నర తీసుకుని చివర చిన్న ఉచ్చు వెయ్యండి. నానబెట్టి ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండు సూదితో ఆ ఉచ్చులోకి ఎక్కించి, జారిపోకుండా ఉచ్చులో చీపురుపుల్ల ముక్క అడ్డం పెట్టండి. గింజలు ముల్లు వంపుకి కాస్త కిందుగా వేలాడేలా సరిచూసుకుని, రెండో కొసని ముల్లు కన్నంలోంచి వెనకవైపు నుంచి దూర్చి, కాడ చుట్టూ ఏడెనిమిది చుట్లు బిగుతుగా చుట్టి, మళ్ళీ అదే కన్నంలోంచి వెనకవైపు నుంచే దూర్చి లాగండి. ముడి లేని ముడి ఇది. మెథడ్ ఫీడరుకైతే ముల్లుకీ ఫీడరుకీ మధ్య బెత్తెడు దారం చాలు. పచ్చి మొక్కజొన్న గింజలు, ఎండు గింజలు నేరుగా వాడకండి. ఎండుగింజ చేప పేగులోకి వెళ్ళి ఉబ్బుతుంది.

ఇంతవరకూ ఇంగ్లండువాళ్ళది యథాతథంగా పనికొస్తుంది. ఇక్కడినుంచి మన చేపల నోటికి తగ్గట్టు మార్చుకోవాలి. మోసుకీ బంగారు తీగకీ ఎర నేల మీద ఉండాలి. శీలావతికి కొంచెం పైకి లేవాలి. ఉచ్చులో గింజతోపాటు బఠాణీ అంత థర్మకోల్ ముక్క గుచ్చితే ఎర ఒండ్రు పైన నాలుగైదు అంగుళాల ఎత్తున నిలుస్తుంది, దానికి తగ్గట్టు దారం పొడుగుంచాలి. మన చెరువుల్లో అడుగంతా మెత్తటి ఒండ్రు కాబట్టి ఇది శీలావతికే కాదు, ఎర బురదలో కూరుకుపోకుండా ఉండడానికీ పనికొస్తుంది. బొచ్చె సంగతి వేరు. అడుగున ఎంత విందు పెట్టినా అది తల దించదు. పెద్ద బెండు కట్టి, రెండు మూడు అడుగుల లోతులో బుట్ట ఫీడరు వేలాడదీసి, చెక్క తగ్గించి మెత్తటి తవుడు, రొట్టెపొడి ఎక్కువ వెయ్యాలి. ముద్ద అడుగుకి పోకూడదు, మబ్బులా విచ్చుకోవాలి. బొచ్చె దాన్ని నోరు తెరిచి తాగుతూ పోతుంది. ఆ మబ్బులో చిన్న మైదా ఉండ ఉన్న ముల్లు దాని నోట్లోకి వెళుతుంది.

చెరువు అడుగు ఎలా ఉందో తెలియకుండా ఫీడరు విసరకండి. ముందు ఒట్టి సీసం గుండు విసిరి, దారం బిగువుగా ఉంచి నెమ్మదిగా లాక్కోండి. కర్ర చివర టక్ టక్ మంటే గులకరాయి. జిగటగా లాగి ఒక్కసారి వదిలితే ఒండ్రు. బరువుగా సాగి సాగి వస్తే నాచు. గట్టినేలకీ ఒండ్రుకీ మధ్య అంచు దొరికితే అదే మంచి చోటు. మదుము దగ్గర, వాగు నీళ్ళు చెరువులో కలిసే చోట ఇలాంటి అంచులుంటాయి.

రీలు గురించి ఒక్క మాట. ఫీడరు వేశాక కర్రని ఆసరా మీద పెట్టి కూర్చుంటాం. నాలుగు కిలోల చేప ముల్లు గుచ్చుకోగానే పరుగందుకుంటుంది. సీసం బరువుకి బెదిరి పారిపోవడంలోనే ముల్లు లోతుగా దిగుతుంది. రీలు బిగించి ఉంటే కర్రే చెరువులోకి పోతుంది. 1980లలో జపాను కంపెనీ షిమానో ‘బైట్‌రన్నర్’ రీలు తెచ్చింది. వెనక ఒక మీట వేస్తే దారం స్వేచ్ఛగా పోతుంది, హ్యాండిల్ తిప్పగానే పట్టు వస్తుంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. అది లేకపోతే రీలు పట్టు (డ్రాగ్) బాగా వదులుచేసి, కర్ర చివర గజ్జె కట్టుకోండి. ఇంగ్లండులో 1952లో 44 పౌండ్ల కార్ప్ పట్టి పేరు తెచ్చుకున్న రిచర్డ్ వాకర్, చేప లాగితే మోగే కరెంటు గంటని తయారుచేసుకున్నాడు. మన గజ్జె ఆ పని చక్కగా చేస్తుంది. దారం 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్లది చాలు. తాడులాంటిది కట్టి చేపని ఈడ్చుకురావడం ఆటే కాదు.

ఎక్కడ వెయ్యాలి అని అడుగుతుంటారు. మన విజయనగరం పెద్దచెరువులో నేను వెయ్యను. పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికిన చెరువది, తెప్పోత్సవం జరిగే చెరువది. నాకు మనసొప్పదు. గోస్తని మీద తాటిపూడి, చంపావతి మీద ఆండ్ర, నాగావళి మీద తోటపల్లి, ఇలా మన నదుల మీద జలాశయాలున్నాయి. ఏ నీరైనా ఎవరిదో ఒకరిది. పల్లె చెరువుల్ని పంచాయతీ పాట పెడుతుంది, లేదా మత్స్యకార సహకార సంఘం లీజుకి తీసుకుంటుంది. పిల్లలు వదిలి, మేత వేసి, కాపలా కాసిన వాళ్ళని అడగకుండా గాలం వేస్తే దొంగతనమే. అడిగితే చాలామంది కాదనరు. ఎన్ని పట్టాలో, ఏవి వదిలెయ్యాలో ముందే మాట్లాడుకోండి. జలాశయాల దగ్గర మత్స్యశాఖ వాళ్ళనీ, అక్కడి సంఘాన్నీ అడగండి. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం తాగుతుంది. అక్కడ గట్టు మీద ప్లాస్టిక్ దారం ముక్క కూడా వదలకూడదు.

ఎండాకాలం తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతూ కనిపిస్తే ఆ రోజు కర్ర విప్పకండి. రాత్రంతా మొక్కలూ నాచూ కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిలో అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత మరీను. అప్పుడు పిండి వెయ్యడం వాటి మీద మరో భారం. ఆషాఢ శ్రావణాల్లో వరద నీటికి గుడ్లతో ఎదురెక్కే చేపల్నీ వదిలెయ్యండి. చెరువులు నిండి, నీళ్ళు తేరుకున్న కార్తీకం నుంచి చలి ముదిరే దాకా మంచి రోజులు.

ఇప్పుడా గొట్టం సంగతి. బజారులో దొరికే స్ప్రింగు ఫీడర్లకి చుట్టూ నాలుగు, ఆరు, ఎనిమిది ముళ్ళు కట్టి ఉంటాయి. ముద్దని తినబోయిన చేపకి ఏదో ఒకటి తగులుతుందని. తగులుతుంది, నిజమే. కంటికీ తగులుతుంది, మొప్పకీ తగులుతుంది, పక్కనే తిరిగే చేప పొట్టకీ తగులుతుంది. అంతకంటే ఘోరం దారం తెగినప్పుడు జరుగుతుంది. సీసమూ, ఫీడరూ, మిగతా ముళ్ళూ అన్నీ ఆ చేప పెదవికే వేలాడుతుంటాయి. అది తామర కాడలకో, నాచుకో చుట్టుకుంటే ఆ చేప అక్కడే కట్టుబడి చస్తుంది. లేదంటే ఆ ముళ్ళ గుత్తి గట్టు పక్కన పడుంటుంది. మన చెరువుల్లో గేదెలు దిగుతాయి, పిల్లలు ఈదుతారు. ఆరు ముళ్ళ స్ప్రింగు వాడేవాళ్ళని నేను నిలబెట్టి అడుగుతాను, కోపమొచ్చినా సరే. ఒకే ముల్లు, హెయిర్ మీద ఎర, మొన దగ్గరి బార్బ్‌ని పట్టకారుతో నొక్కేసి వాడితే చేపలు తగ్గవు. విప్పడమూ తేలిక. వదిలే చేపని తడిచేతులతో పట్టుకుని, తడిగుడ్డ మీద పెట్టి, ఎండునేల తగలకుండా నీళ్ళల్లోకి దించవచ్చు.

మా బావ స్ప్రింగు మధ్యలో పెట్టే గొట్టంలోంచి అసలు దారం స్వేచ్ఛగా పోతుంది. కింద ఒక పూస, దారం మెలిపడకుండా తిరిగే ఒక స్వివెల్, దానికి ముల్లు దారం. పైన ముడి గాని, క్లిప్పు గాని ఏదీ ఉండదు. దారం తెగితే చేప ఈదుకుపోతున్నకొద్దీ తెగిన కొస గొట్టంలోంచి జారి బయటికొచ్చేస్తుంది. బరువంతా అడుగున ఉండిపోతుంది, చేపతో ఒక్క ముల్లే పోతుంది. చెరువుకి వెళ్ళే ముందు ఇంట్లోనే పరీక్షించుకోండి. రిగ్గు కట్టాక ఫీడరుకి మూరెడు పైన దారం కోసెయ్యండి. ఫీడరుని ఒక చేత్తో పట్టుకుని, ముల్లు దారాన్ని రెండో చేత్తో మెల్లగా లాగండి. దారం మొత్తం ఎక్కడా చిక్కుకోకుండా బయటికొచ్చెయ్యాలి. రాకపోతే ఆ రిగ్గు విప్పేసి మళ్ళీ కట్టండి.